చైత్రకు అందని ఎత్తు

నేను ఒక స్టీలు హ్యాండిల్‌ను. ఏదో కార్ఖానాలో కడ్డీగా పుట్టి, రెండు చోట్ల వంగి, మెరుగు పెట్టించుకుని, తణుకులో ఒక హార్డ్‌వేర్ కొట్లో అట్టపెట్టెలో ఏడాదిపాటు పడుకున్నాను. భయమంటే ఏమిటో అప్పటికి నాకు తెలియదు.

నన్ను కొన్న హైమావతి మాత్రం భయంతోనే కొట్టుకు వచ్చింది. సంగతి తర్వాత ఆ ఇంటి మాటల్లో తెలిసింది. నెల కిందట ఆమె మూడేళ్ల కూతురు చైత్ర సింకు కింది తలుపు తీసి ఫినాయిలు తాగిందట. మూడు రోజులు ఆసుపత్రిలో ఉంచారట. పిల్ల కోలుకుంది. తల్లి కోలుకోలేదు.

సింకు కింది తలుపుకే, పిల్లకు అందనంత ఎత్తులో నన్ను బిగించమని ఆమె వడ్రంగి సోమాచారిని అడిగింది. అతను చైత్రను గోడకు ఆనించి, చెయ్యి పైకెత్తించి టేపు పట్టాడు. వేళ్ల కొస మూడడుగుల ఎనిమిది అంగుళాల దగ్గర ఆగింది. వంటగట్టు అంతకంటే పది అంగుళాలు తక్కువ.

"కింద ఎక్కడ పెట్టినా అందుద్దమ్మా. సీసాలు పై అలమరలో పెట్టుకోండి, దీన్ని అక్కడ బిగిస్తాను," అన్నాడు.

పై తలుపుకు మామూలుగా కింది అంచు దగ్గర బిగిస్తారు. అతను హైమావతిని మునివేళ్ల మీద నిలబడమని చెప్పి, ఆమె చెయ్యి అందిన చోట పెన్సిలుతో రెండు గుర్తులు పెట్టాడు. రెండు గుర్తుల మధ్య దూరం నా కాళ్లకు సరిపోయిందో లేదో మూడుసార్లు చూశాడు. డ్రిల్లు తలుపును తొలుస్తుంటే గట్టు మీద నేనూ వణికాను. లోపలి నుంచి మరలు బిగించి, నన్ను పట్టుకుని గుంజి చూసి వెళ్లాడు. నా వెనక ఫినాయిలూ యాసిడూ చేరాయి. పిల్ల ఎత్తును కొలిచారు గానీ, స్టూలు ఎత్తును ఎవరూ కొలవలేదు.

ఒక ఉదయం హైమావతి పెరట్లో బట్టలు ఆరేస్తోంది. స్టూలు నేల మీద గీరుకుంటున్న చప్పుడు వినిపించింది. చైత్ర స్టూలెక్కింది, గట్టెక్కింది. చిన్న వేళ్లు నన్ను చుట్టుకున్నాయి. తెరుచుకోకూడదని నాకుంది. కానీ తెరవడం తప్ప నాకింకేమీ చేతకాదు. తలుపు బయటికి ఊగింది, నన్ను పట్టుకున్న పిల్లా ఊగింది. ఒక పాదం గట్టు అంచున, ఇంకొకటి గాలిలో. లోపల సీసాలు ఒకదానికొకటి తగిలాయి.

హైమావతి గుమ్మంలో ఆగిపోయింది. అరుస్తుందనుకున్నాను. అరిస్తే పిల్ల బెదిరి చెయ్యి వదిలేస్తుంది.

"చిట్టీ, దాన్ని గట్టిగా పట్టుకో. వదలకు. అమ్మ వస్తోంది," అంది, అన్నానికి పిలిచినంత మెల్లగా.

గుమ్మం నుంచి గట్టుకు నాలుగడుగులు. ఆ నాలుగడుగుల సేపూ పిల్ల బరువు నా రెండు మరల మీదే. ఒక మర చెక్కలో కిర్రుమంది. ఇక ఊడిపోతాననుకున్నాను. ఊడలేదు. తల్లి చెయ్యి పిల్ల నడుము చుట్టూ పడింది. చైత్ర మాత్రం నన్ను వదలదు. వదలొద్దని అమ్మే చెప్పిందిగా. ఒక్కొక్క వేలే విడదీశాక గానీ హైమావతికి ఏడుపు రాలేదు.

ఆ రోజే సీసాలు ఇల్లు దాటాయి. ఇప్పుడు నా వెనక పప్పుల డబ్బాలున్నాయి. ఏడేళ్ల చైత్ర మినప్పప్పు తెమ్మంటే తనే పైకెక్కి తీస్తుంది. ఆ వేళ్లు తగలగానే నేను ఇంకా బిగుసుకుపోతాను. పిల్లకేమీ గుర్తు లేదు. గుమ్మంలో నిలబడ్డ హైమావతి మాత్రం డబ్బా కిందికి దిగేదాకా ఊపిరి తీసుకోదు.