వీధిమొగలోని వడియముల చాప

చైత్రమాసావసానమున విశాఖపట్టణమునందు ప్రచండభానుకిరణసంతప్తమైన సముద్రపవనము ప్రొద్దెక్కకమునుపే వేడెక్కి కొండవాలునందలి గంధపువీధిలో వేపపూవులను జలజల రాల్చుచుండెను. గుమ్మడి వడియములకు అంతకు మించిన యెండ దొరకదు. అయినను ఆ యేడు ఏ యింటిముందరను వడియముల చాప కానరాదయ్యెను. నెలదినములకు మున్ను పెద్దరహదారిలో నొక వరుస బస్సులకే ప్రత్యేకింపబడగా తక్కిన దారి ఇరుకై తొందరగల వారి కార్లన్నియు ఈ ప్రశాంతవీధిని అడ్డదారిగా బట్టి దుమ్మురేపుచు బోవుచుండెను.

సుభద్రమ్మ చింత వడియములను గూర్చి కాదు, భర్తను గూర్చి. కంటిచూపు కోల్పోయిన శేషాచలముగారు ప్రతిసాయంకాలమును ప్రహరీగోడలను చేతితో తడవుకొనుచు వీధిచివరవరకు ఒంటరిగా నడచి వచ్చెడివారు. ఒరుల చేయి పట్టుకొనక ఆయన చేయగలిగిన పని యదియొక్కటియే. ఇప్పుడాయన నెలదినములుగా గడప దాటక కుర్చీలో గూర్చుండి హారనులు వినుచుండిరి. అది చూచి ఆ యిల్లాలి గుండె తరుగుకొనిపోవుచుండెను.

కావున ఆదివారమున వీధివారు సభజేరి బస్సుల వరుసను రద్దుచేయవలెనని విన్నపము వ్రాసి తొలిసంతకము అందరిలో పెద్దదియగు సుభద్రమ్మనే చేయుమనిరి. ఆమె కలము పుచ్చుకొనెను. శేషాచలముగారి స్నానభోజనములు చూచుకొనుటకు దినదినము బస్సులో వచ్చు పైడితల్లి ప్రక్కనే నిలిచి యుండి మెల్లగా నోరు విప్పెను.

"అమ్మా, ముందర నాను ఇంటికెల్లీసరికి నా కూతురు గుంట తొంగునీసీది. ఈ నెల్లాళ్లబట్టీ బస్సు బేగెల్తంది, దానికి నా సేత్తో అన్నం పెడతన్నాను. మీకు ఇట్టమైతే సంతకం పెట్టీయండి. నాను కాదనను."

సుభద్రమ్మ కలమును క్రిందబెట్టి వీధిసంఘకార్యదర్శియగు జగన్నాథరాజుతో ననెను. "బస్సుకి దారివ్వడం తప్పు కాదు నాయనా. కార్లు దూరకుండా మన వీధిమొగకి అడ్డు పెట్టమని రాయండి."

"అప్పుడు మన కార్లూ చుట్టు తిరిగి రావాలి కదండీ పిన్నిగారూ!"

"రండి. కూర్చునేగా తిరిగేది."

సభ కలకలమై యేమియు తేలక ముగిసెను.

మరునాడు ప్రాతఃకాలమున సుభద్రమ్మయు పైడితల్లియు వీధిమొగకు అడ్డముగా తాటాకుచాప పరచి తడిబట్ట కప్పి వరుసలు దీర్చి వడియములు పెట్టిరి. మొదటి కారువాడు హారను మ్రోగించి మ్రోగించి తుదకు దిగివచ్చెను. తడివడియములతోనున్న చాపను చుట్టి తీయుటకు వీలులేదు. తినెడు పదార్థముమీద చక్రము పోనిచ్చుటకా, వానికి మనసొప్పలేదు.

"ఎప్పటికి ఎండుతాయండీ?"

"గుమ్మడివి బాబూ. మూడెండలు కావాలి."

వాడు నవ్వలేక నవ్వి కారు వెనుకకు మరల్చుకొనిపోయెను. మూడవనాటికి వీధి రెండవమొగలోను చాపలు వెలసెను. అందు మొదటిది జగన్నాథరాజు భార్య పరచిన సగ్గుబియ్యపు వడియముల చాప.

ఆ సాయంకాలము శేషాచలముగారు గోడలు తడవుకొనుచు నెమ్మదిగా వీధిచివరకు వచ్చిరి. రహదారిలో బస్సొకటి రద్దీలో చిక్కుకొనక సాగిపోయెను. "పైడితల్లి వెళ్లినట్టుంది" అని చెవియొగ్గి పలికి చేతికర్రకు సుభద్రమ్మ కాపున్న చాప తగులగా వంగి వడియమొకటి తీసి నోట వేసికొనిరి.

"ఉప్పు తక్కువేశావే!"

ముప్పదియేండ్లుగా ఆ మాటకు తగవులాడెడు సుభద్రమ్మ నాడు మాత్రము కన్నులొత్తుకొని నవ్వెను.