జంగయ్య పావురాలు

మౌలాలిలో సాయిదుర్గ వాళ్ళుండే ఇంటి డాబా మీద జంగయ్య పావురాలు పెంచేవాడు. రైల్వేలో ఫిట్టరుగా చేసి రిటైరైన మనిషి. భార్య పోయాక ఆ పక్షులే ఆయనకు సంసారం. సాయిదుర్గది అనకాపల్లి వైపు. భర్త సూరికి సాఫ్ట్‌వేర్ ఉద్యోగం రావడంతో ఇక్కడికి వచ్చి, సికింద్రాబాదులోనే ఒక ప్రైవేటు ల్యాబులో చేరింది.

సార్స్ జబ్బు ప్రపంచాన్ని భయపెట్టి సద్దుమణిగిన మరుసటి ఏడు అది. ఆ వైరస్ ఏయే జంతువుల్లో తలదాచుకోగలదో తేల్చడం ఆమె పని. ఒక్కో జంతువు కణాలను చిన్న సీసాల్లో పెంచి, సార్స్ పైతొడుగు తగిలించిన నిరపాయమైన వైరస్‌ను వాటి మీద వదిలేవారు. అది లోపలికి దూరగలిగితే కణాలు పచ్చగా మెరుస్తాయి. లేదంటే చీకటే.

పావురం కణాలు కావలసి వచ్చి ఆమె జంగయ్యను గుడ్లడిగింది. పొదుగుతున్న గుడ్లు తీయడానికి ఆయన చాలాసేపు తటపటాయించాడు.

"నలుగురికి పనికొస్తదంటే తీస్కపో బిడ్డా" అని చివరికి దూదిలో చుట్టి ఇచ్చాడు.

కొన్ని వారాలు ఆ కణాలు బతకలేక చావలేక నడిచాయి. తర్వాత ఒక్కసారిగా ఏపుగా పెరిగాయి. వైరస్ వదిలితే సీసా అంతా పచ్చటి వెలుగు. సాయిదుర్గకు కాలు నిలవలేదు. మళ్ళీ చూసి ఖాయం చేసేదాకా బయట అనొద్దని ల్యాబు పెద్ద యుగంధర్ చెప్పినా, ఆ సాయంత్రం ఆరిన బట్టలు తీస్తూ కింది వాటా స్వర్ణలతతో అనేసింది. చంటిపిల్లను డాబా మీదికి తేవొద్దని హెచ్చరించింది కూడా.

మాట కాలనీ అంతా పాకింది. నీళ్ళ ట్యాంకు పక్కనే గూళ్ళున్నాయని జనం జంగయ్య మీద పడ్డారు. ఆయన వచ్చి, ఇది నిజమేనా అని సాయిదుర్గను అడిగాడు.

"ల్యాబులో అలాగే వచ్చింది బాబాయ్‌గారూ" అంది ఆమె, మొహం పక్కకు తిప్పుకుని.

వదిలేస్తే తిరిగి గూటికే వస్తాయి కనుక, ఆయన పక్షులన్నిటినీ బుట్టల్లోకెక్కించి జనగామలో ఒక వ్యాపారికి ఇచ్చేశాడు.

తర్వాత యుగంధర్ ఆ కణాలను ఏ జంతువువో తేల్చే పరీక్షకు పంపించాడు. అవి పావురానివి కావు, సార్స్ ఎలాగూ దూరగలిగే కోతి కణాలు. ఒకనాడు ఇంటికెళ్ళే తొందరలో సాయిదుర్గే కోతి కణాలకు వాడిన పోషక ద్రవం సీసానే పావురం కణాలకూ వాడింది. అందులో కలిసిన నాలుగు కోతి కణాలు పెరిగి పెరిగి అసలువాటిని మింగేశాయి. వేరేచోట తెచ్చిన గుడ్లతో జాగ్రత్తగా మళ్ళీ చేస్తే ఒక్క కణమూ మెరవలేదు. ఇలాంటివి పెద్ద పెద్ద ల్యాబుల్లో కూడా జరుగుతుంటాయని యుగంధర్ ఓదార్చాడు. ఆ ఓదార్పు ఆమెను ఇంకా కుంగదీసింది. సీసా కలిపినందుకు కాదు, నోరు జారినందుకు.

సూరికి చెప్పడానికే మొహం చెల్లలేదు. చివరికి గుండె దిటవు చేసుకుని డాబా ఎక్కింది. జంగయ్య ఖాళీ గూళ్ళ చెక్కలు విప్పుతున్నాడు. తప్పు తనదేనని, పావురాల్లో ఏ దోషమూ లేదని చెప్పింది. జనగామ వెళ్ళి వాటిని తెచ్చేద్దామంది.

"ఇంకేడున్నయి? కోసుకుతినెటోళ్ళు కొనుక్కపోయిన్రు." ఆయన సుత్తి పక్కన పెట్టాడు. "నేనొచ్చి అడిగిననాడు, ఇంకోసారి చూసి చెప్త అని ఒక్క మాట అనకపోతివి. గా ఒక్క మాట మీద నేను అందరితోటి కొట్లాడుదును."



ఆదివారం కాలనీ మీటింగులో లేచి నిలబడి, జరిగినదంతా దాచకుండా చెప్పింది. జంగయ్య రాలేదు. స్వర్ణలత పిల్లను ఒళ్ళో సర్దుకుంటూ తల వంచుకుంది. వెనక నుంచి ఎవరో, పోనీ మేడం, ఎట్లయితేనేం డాబా సాఫైంది అన్నారు. కొందరు నవ్వారు. మీటింగు మంచినీళ్ళ పైపుల సంగతిలోకి వెళ్ళిపోయింది.

సాయిదుర్గ మాత్రం కూర్చోవడం మరిచిపోయి అలాగే నిలబడి ఉంది.