కడిగిన వేలు

ఊదమంటాడేమిటి, నోటి ఆవిరి తగిలితే వేలిముద్ర పడుతుందట, వేలు బాగా పొడిబారిపోయింది మేడం, కాస్త ఊది పెట్టండి, లేదా ముక్కు పక్కన జిడ్డుకి రుద్ది పెట్టండి అని గేటు దగ్గర గార్డు ఎంత తేలిగ్గా అనేశాడు, అని ఊరుకున్నాడా, తనే ముక్కుకి రుద్ది చూపించాడు, ఆ హాజరు మిషను టక్కున పచ్చలైటు వెలిగించింది, నాకు మాత్రం ఎన్నిసార్లు పెట్టినా ఎర్రలైటే, సబ్బుతో తోమి తోమి నా బొటనవేలి గీతలు అరిగిపోయాయట, ఔరా, మురికి వేలైతేనే మనిషి వచ్చినట్టా ఇక్కడ, వెనక వరస పెరుగుతోంది, కానివ్వండి సబ్బు మేడం అని ఎవరో కిసుక్కుమన్నారు, నవ్వండి నాయనా నవ్వండి, మీ ఇంట్లో తమ్ముడు లేడుగా, కిడ్నీ మార్చిన తమ్ముడు, పెట్టిన కిడ్నీని ఒళ్ళు తోసెయ్యకుండా వేసే మాత్రలతో రోగాన్ని తట్టుకునే శక్తే పోయిన తమ్ముడు, మీకు ఉత్త జలుబే తల్లీ, అతనికి ప్రాణం మీదికొస్తుంది అని డాక్టరమ్మ నా చేతులు పట్టుకుని మరీ చెప్పింది, పట్టుకునే ముందు తన చేతులు కడుక్కుంది కూడా.

నాకు ముందు వేలు పెట్టిందెవరు, పక్క టేబులు స్టోర్సు ఆయనే, కళ్ళు ఎర్రబడి, ముక్కు కారుతూ, గుప్పిట్లోకి ఖళ్ళుఖళ్ళున దగ్గి ఆ గుప్పిట్లోంచే బొటనవేలు తీసి మిషను మీద అద్దాడు, నా ఒళ్ళు భగ్గుమంది, అంతకన్నా నా మొహాన ఉమ్మెయ్యకూడదూ, నిన్నా ఇంతే, ఆ చేత్తోనే తలుపు పిడి, ఆ చేత్తోనే మంచినీళ్ళ కుళాయి, అడక్కుండా నా పెన్ను, ఇవాళ మాత్రం ఉండబట్టలేక అడిగేశాను, జ్వరంతో ఎందుకండీ వచ్చారు, మమ్మల్నందర్నీ చంపడానికా అని, ఆయన గోడకి చేరగిలబడి, ఏం చెయ్యమంటావు చెల్లెమ్మా, ఉన్న సెలవులన్నీ మా పిల్లది మంచాన పడ్డప్పుడే అయిపోయాయి, ఇంకొక్కరోజు రాకపోతే మెమో ఇస్తానన్నాడు పెద్దసారు, అన్నాడు, మళ్ళీ దగ్గొచ్చింది, ఈసారి మొహం పక్కకి తిప్పుకుని మోచేతిలోకి దగ్గాడు.

అదిగో, రానే వచ్చాడు పెద్దసారు, ఏమిటమ్మా దారికి అడ్డంగా, ఊది పెట్టెయ్యరాదూ అంటాడు, ఈయనకి వేలెయ్యక్కర్లేదు, ఈయన గదిలో ఈయనకో వాష్‌బేసిను, వాసన సబ్బు, మా బేసిను పైన మాత్రం చేతులు కడుక్కోండి అని రంగుల పోస్టరు, కింద సబ్బు పెట్టె ఎప్పుడు చూసినా ఖాళీ, మొన్న మీటింగులో నూటరెండు జ్వరంతో వచ్చినతన్ని లేపి నిలబెట్టి చప్పట్లు కొట్టించాడు, అంకితభావమట, సిగ్గుండాలి, సంతకం పెడతాను సార్ అంటే, కుదరదమ్మా, వేలు పడకపోతే రానట్టే, ఎదురుగా నిలబడి మాట్లాడుతున్నాను, అయినా రానట్టే, అందరూ నన్నే చూస్తున్నారు, పోనీ ఒక్కసారికి ఏమవుతుందిలే అనిపించింది, నా చెయ్యి దానంతటదే ముక్కు దాకా లేచింది, ఆ స్టోర్సు ఆయన దగ్గిన వేలు అద్దిన చోటే ఇందాకట్నుంచీ నేను అద్దుతున్న వేలు, ముక్కుకి రుద్దుకోవడానికి, అప్పుడు డొక్కలో కుట్ల దగ్గర చివుక్కుమంది, చెయ్యి పైకెత్తితే ఇంకా అలాగే లాగుతుంది, అక్కడే కోసి తీశారు, తమ్ముడి ఒంట్లో ఇప్పుడు పని చేస్తోంది నా కిడ్నీయే.

చెయ్యి దించేశాను, రానట్టే వేసుకోండి సార్, నా పని చేసే వెళ్తాను, అన్నయ్యా, మీరు ఇంటికెళ్ళి పడుకోండి, మీ మెమో పక్కన నాది కూడా తయారు చెయ్యమనండి అన్నాను, పెద్దసారు ఏదో అంటున్నాడు, అననీ, నేను బేసిను వైపు నడుస్తున్నాను, బ్యాగులో నా సబ్బు నాకుంది, నా ఒళ్ళు కోసి ఇచ్చుకున్నదాన్ని ఒక్క పచ్చలైటు కోసం పోగొట్టుకుంటానా, పోగొట్టుకోను.