నలభై వేల యూనిఫారాలు

"నీ ఒక్కదానికోసం వేరే కూర ఎవరు వండుతారమ్మా?" అని అత్తగారు మొదటిసారి అన్నప్పుడు నాకు ఇరవై ఆరేళ్లు. వండేది నేనే కాబట్టి ఆ ప్రశ్న నాకు సరిగా అర్థం కాలేదు. నాకు కారం పడదు. ఇంట్లో మిగతావాళ్లకు కారం లేనిదే ముద్ద దిగదు. పన్నెండేళ్లుగా పొద్దున్నే అన్ని డబ్బాల్లోనూ అదే కూర సర్దుతున్నాను. "మా ఇంట్లో అందరికీ ఒకటే రుచి" అని మా ఆయన చుట్టాలతో గర్వంగా చెబుతాడు. ఆ 'అందరి'లో నేనూ ఉన్నాను.

నేను ఒక ప్రచురణ సంస్థలో ప్రూఫ్ రీడర్‌ను. అచ్చుతప్పులు పట్టుకోవడం నా పని. రెండో అధ్యాయంలో ఎడమకాలు కుంటిన మనిషి ఆరో అధ్యాయంలో కుడికాలు కుంటుతుంటే, మార్జిన్‌లో ప్రశ్న రాయడం కూడా నా పనే. ఆ వర్షాకాలం ఒక పేరున్న రచయిత నవల నా బల్ల మీదికి వచ్చింది. అందులో రాబోయే కాలపు నగరం ఒకటి. నలభై వేల మంది జనం. అందరికీ ఒకే బూడిదరంగు యూనిఫారం, ఒకే నడక, ఏం అడిగినా ఒకే జవాబు. పొద్దున ఆరింటికి మైదానంలో హాజరు. మడత నలిగినా, మరక కనిపించినా శిక్ష. ఒక రోజు కథానాయకుడు చొక్కా తిరగేసి తొడుక్కుని వరసలో నిలబడతాడు. తిరుగుబాటు అక్కడ మొదలవుతుంది. ఆ ఘట్టం బాగుంది. రెండుసార్లు చదివాను. రెండోసారి చదువుతున్నప్పుడు ఒక అనుమానం వచ్చి, నూటపన్నెండో పేజీ పక్కన ఎర్ర పెన్నుతో ఇలా రాశాను: "రోజూ ఆరింటికల్లా నలభై వేల యూనిఫారాలు మరక లేకుండా, ఇస్త్రీతో సిద్ధంగా ఉన్నాయి. వీటిని ఉతికేది ఎవరు?"

వేళాకోళానికి రాయలేదు. కుంటికాలి ప్రశ్న లాంటిదే అదీ.

మూడో రోజు రచయిత ఆఫీసుకు వచ్చాడు. ఎడిటర్ గారు నన్ను గదిలోకి పిలిచారు. రచయిత నన్ను కూర్చోమనలేదు. "నేను రాసింది మనిషి స్వేచ్ఛ గురించమ్మా, బట్టల సబ్బు గురించి కాదు" అన్నాడు. ఎడిటర్ గారు నవ్వారు. నేనూ నవ్వాలన్నట్టు నా వైపు చూశారు.

రచయిత వెళ్లాక ఎడిటర్ గారు గొంతు తగ్గించారు. "సారీ అని రెండు ముక్కలు రాసిచ్చేయండి. మీదేం పోయింది? వచ్చే నెల సీనియర్ పోస్టుకి మీ పేరే పంపుతున్నాను కదా."

సారీలు చెప్పడంలో నాకు అనుభవం బాగానే ఉంది. ఆడపడుచు వచ్చిన రోజు జ్వరంతో పడుకున్నందుకు చెప్పాను. మా ఆయన స్నేహితుల ముందు, వాళ్లంతా మెచ్చుకున్న సినిమా నాకు నచ్చలేదన్నందుకు చెప్పాను. ఆఫీసులో నన్ను మెచ్చుకున్న సంగతి మా ఆయనకంటే ముందు మా అమ్మకు చెప్పినందుకు మూడు రోజుల పాటు చెప్పాను. ఒక్కో సారీకి అరనిమిషం కంటే ఎక్కువ పట్టదు. కాకపోతే ఇప్పుడు ఎవరైనా "నీకు నచ్చిందా?" అని అడిగితే, చుట్టూ ఉన్న ముఖాలు చూశాక గానీ నాకు జవాబు తోచదు. ఇది నేను బాధతో చెప్పడం లేదు. ఆ గదిలో నిలబడి ఉండగా గమనించాను, అంతే.

"ఆలోచించుకుని చెబుతానండి" అన్నాను. ఆయన కళ్లజోడు తీసి నన్ను చూశారు.

రెండు రోజులకు ఆ పేజీ వెనక్కి వచ్చింది. నా ప్రశ్న కొట్టేసి, రచయిత తన చేత్తో ఒక వాక్యం చేర్చాడు: "యూనిఫారాలను యంత్రాలు ఉతికేవి."

సాయంత్రం ఇంట్లో ఈ సంగతి చెప్పాను. మా ఆయన ఫోన్‌లోంచి తలెత్తకుండానే, "ఎవరు ఉతికితే నీకేంటి? నలుగురితో పాటు పోక ఎందుకీ పంతం? రాసిచ్చెయ్" అన్నాడు.

అత్తగారు మంచం మీద కూర్చుని ఆరిన బట్టలు మడతపెడుతోంది. చేతులు ఆపి అడిగింది.

"ఏమని రాశాడూ?"

"యంత్రాలు ఉతికేవట, అత్తయ్యా."

"మరి యంత్రంలోకి బట్టలు వాటంతటవే నడిచెళ్లాయా?"

మా ఆయన పెద్దగా నవ్వాడు. ఆవిడ నవ్వలేదు. చేతిలో ఉన్న కొడుకు చొక్కాను ఒళ్లో పెట్టుకుంది.

"మీ మామయ్య నలభై ఏళ్లు ఉద్యోగం చేశారు. చొక్కా ఎక్కణ్నుంచి వస్తోందని ఒక్కరోజూ అడగలేదు. అడగాలని నాకూ తోచలేదనుకో" అంది. తర్వాత నా వైపు తిరిగి, "ఇంకోసారి అడగరాదూ ఆ రచయితని?" అంది.

పన్నెండేళ్లలో ఆవిడ నన్ను ఏదైనా చెయ్యమని అడగడం అదే మొదటిసారి. అంతకుముందు అన్నీ చెప్పడమే.

మర్నాడు రచయిత వాక్యం కింద రాశాను: "యంత్రాల్లో వేసి, తీసి, ఆరేసి, మడతపెట్టి, ఎవరి గది ముందు వాళ్లవి పెట్టేది ఎవరు?" దాని కింద నా పూర్తి పేరు రాశాను. ప్రూఫ్ రీడర్లు మార్జిన్‌లో పేరు రాయరు. తీసుకెళ్లి ఎడిటర్ గారి బల్ల మీద పెట్టాను.

ఆయన చదివారు. "రేపట్నుంచి ఈ నవల జూనియర్ చూస్తాడు. సీనియర్ పోస్టు మాట ఇక మర్చిపోండి" అన్నారు.

"సరేనండి."

నేను తలుపు దాకా వెళ్లాక వెనక నుంచి పిలిచారు. ఆయన గొంతులో ఇప్పుడు కోపం లేదు, చిరాకు మాత్రమే ఉంది. "పేరెందుకు రాశారండీ? అది లేకపోతే ఈసారి ఎవరో జూనియర్ తెలియక రాశాడని చెప్పి నేనే సర్దేసేవాణ్ని కదా!"

"అందుకే రాశానండి" అన్నాను.