రౌటర్‌లో పిచ్చుక

"చూడు, నిన్న మధ్యాహ్నం కూడా ఎవరో మన వైఫై వాడారు. ఇంట్లో ఊరికే ఉండేదానివేగా, కాస్త కనిపెట్టు," అన్నాడు భర్త, ఆమె ఇస్త్రీ చేసిన చొక్కా గుండీలు పెట్టుకుంటూ. ఫోన్ ఆమె ముఖం ముందుకు తోశాడు. రౌటర్ లాగ్‌లో అతని ఫోన్, ఆమె ఫోన్, టీవీ. వాటి కింద ఇంట్లో ఎవరిదీ కాని పేరొకటి: పిచ్చుక.

"పైవాటా అమ్మాయిదే అయ్యుంటుంది. సాయంత్రం వచ్చి నలుగురిలో కడిగేస్తా."

ఆమె ఆ పేరు మరోసారి చదివింది. పిచ్చుక తన పేరే.

పెళ్లికి ముందునుంచీ ఆమె ఒక కాలేజీ కంప్యూటర్ ల్యాబ్‌లో నెట్‌వర్క్ చూసుకునేది. బల్లల కింద దూరి, వైర్ల మధ్యనుంచి తల బయటపెట్టి మాట్లాడేదని తోటివాళ్లు పెట్టిన పేరది. సొంత డబ్బుతో కొనుక్కున్న లాప్‌టాప్‌కీ అదే పెట్టుకుంది. ఏ వైరు ఎక్కడికెళ్తుందో తెల్లచీటీల మీద రాసి అంటించేది. ఆ గది చలి, అందరూ వెళ్లిపోయాక మెషీన్ల సన్నటి హోరు ఇప్పటికీ చెవుల్లో ఉన్నాయి. ఏదైనా ఆగిపోతే "పిచ్చుకను పిలవండి" అనేవాళ్లు. ఇప్పుడూ పిలుస్తారు, తువ్వాలేదీ, మాత్రలేవీ, చార్జరేదీ అని. ఆ పిలుపుల్లో పేరుండదు. పాప పుట్టాక "తీగలు పీకే పనికి ఇంత హడావిడా?" అన్నాడు భర్త. మానేసింది. కిందటేడు అటక ఖాళీ చేస్తూ, "నీ డొక్కు కంప్యూటర్ పాతసామాన్లవాడికి వేసేశా," అన్నాడు. పొయ్యి మీద కూర అడుగంటుతుంటే అటు పరుగెత్తింది. తర్వాత చాలా రోజులు అటకవైపు చూడబుద్ధి కాలేదు.

మరి ఇప్పుడెలా వచ్చింది? ఆ పాతసామాన్లవాడు పైవాటా అమ్మాయికి అమ్మాడా? డ్యూటీల మీద డ్యూటీలు చేసే నర్సు పిల్ల. తెలియక కొనుక్కుని ఉంటే, సాయంత్రం మెట్ల మీద దొంగ అనిపించుకోవాలి.

అంట్లు తోమి, చేతులు తుడుచుకుని రౌటర్ పేజీ తెరిచింది. వేళ్లు దారి మరచిపోలేదు. పిచ్చుక లేదు. అత్తగారు భోంచేసి తన గది తలుపు దగ్గరగా వేసుకున్న కాసేపటికి వచ్చి వాలింది. సిగ్నల్ నిండుగా ఉంది. స్లాబు దాటి పైకెళ్తే ఇంత ఉండదు.

తలుపు తోసింది. మంచం మీద, దిండుకి ఆనించి, తన లాప్‌టాప్. అత్తగారు దుప్పటి కప్పబోయి ఆగిపోయింది.

"తలుపు కొట్టి రావే," అని, అంతలోనే నవ్వేసింది. "సరే, దొరికిపోయానుగా. ఇటు కూర్చో. మీ పాప హాస్టల్‌నుంచి సెలవులకొచ్చినప్పుడు నేర్పి వెళ్లింది."

తెర మీద ఒక వీధి ఫొటో. బాణం గుర్తు నొక్కితే ముందుకు నడుస్తోంది.

"అదిగో, మూలమీది ఇల్లు మా అమ్మావాళ్లది. ఆ కిటికీ పక్కనే నా కుట్టుమిషను. వీధిలో సగంమంది జాకెట్లు నేనే కుట్టేదాన్ని. పెళ్లయ్యాక ఇక్కడికి తెచ్చుకున్నా. చప్పుడికి నిద్ర పట్టట్లేదని మీ మామగారు అమ్మేశారు."

"మరి ఇదెలా ఉంది, అత్తయ్యా?"

"మావాడు గుమ్మంలో పెట్టిన పాతసామాన్ల సంచీలోంచి తీసి దాచేశా. నా మిషను పోయిననాడు అడ్డుపడేవాళ్లు లేరు. దీనికైనా పడదామనిపించింది. నీకిద్దామనే అనుకున్నానే. ఈలోగా నాకే అలవాటైపోయింది!"

లాప్‌టాప్ మూలన తన చేతిరాత చీటీ, వైఫై పాస్‌వర్డ్‌తో సహా, ఇంకా ఉంది. లేచిపోయిన అంచుకి ఎవరో శ్రద్ధగా జిగురు రాసి మళ్లీ అంటించారు. కూరలో ఉప్పు గురించి తప్ప తనతో పెద్దగా మాట్లాడని మనిషి. ఆమె ఆ అంచును వేలితో నిమిరింది. "ఇంకాస్త ముందుకు నడపండి," అంది.

అలా నడుస్తుండగానే సాయంత్రమైంది. వీధితలుపు తాళం తీసిన చప్పుడైంది. ఆమె ఎప్పుడూ లేచేది, ఈసారి లేవలేదు.

"టీ! ఆ పిచ్చుక సంగతి తేలిందా? పైకెళ్లి అడగనా?"

"అక్కర్లేదు. అది నాది," అంది ఆమె, గదిలోంచే. "రేపట్నుంచి పొద్దుటిపూట దాని మీద ఉద్యోగం వెతుక్కుంటా. మధ్యాహ్నాలు అత్తయ్యవి."

"నీదేంటి? పడేశానుగా! అమ్మా, ఏంటిది?"

అత్తగారు తెర మీదనుంచి కళ్లు తిప్పలేదు.

"టీ నువ్వే పెట్టుకోరా. మేమిద్దరం మా వీధిలో ఉన్నాం."