భుజం మీది తేలు

రూప పొద్దున్నే లేచి ఉరుకుతోందని విన్నప్పటి నుంచి కోమలకు తిన్నది ఒంటబట్టడం లేదు. హైవే పక్క సర్వీసు రోడ్డు మీద, తండ్రి సాల్మన్ సైకిల్ తొక్కుతూ వెంట వస్తుంటే, రూప కొత్త బూట్లు వేసుకుని మరీ ఉరుకుతోందట. చూసినవాళ్లు చూసి ఊరుకుంటారా? సర్కారు బడిలో అటెండరు సాల్మన్ బిడ్డ మిలిటరీ దవాఖానలో నర్సవుతుందట, భుజాల మీద చుక్కలు పెట్టుకుని ఆఫీసరవుతుందట అని కట్టంగూర్ అంతా ఒకటే ముచ్చట. పాలు పోసే సాయిలు ఇంకో అడుగు ముందుకేసి ‘మిలిటరీ డాక్టరమ్మ’ అని పేరే పెట్టేశాడు. ఆ పేరు కోమల వాళ్ల గుమ్మం ముందు నిలబడి మరీ పలుకుతాడు, దరిద్రుడు.

అసలు ఈ ముచ్చట రూప చెవిన వేసింది ఎవరు? కోమలే. కోమల, రూప ఒకటో తరగతి నుంచి ఒకే బెంచీ. ఇప్పుడు నల్గొండలో ఇంటర్ రెండో సంవత్సరం బైపీసీ. రోజూ ఒకే బస్సులో పోయి, ఒకే బస్సులో వస్తారు. పోయినేడు జువాలజీ చెప్పే శైలజ మేడం ఒకరోజు పాఠం ఆపి, ఇంటర్ తర్వాత ఆడపిల్లలు నీట్ రాసి మిలిటరీ నర్సింగులో చేరొచ్చు, నాలుగేళ్లు చదువూ తిండీ వాళ్లవే, చదువైన రోజే లెఫ్టినెంటు అని చెప్పింది. ఆ రోజు రూప కాలేజీకి రాలేదు. మర్నాడు బస్సులో కోమల ఆ మాట చెప్తే రూప ఏమందో తెలుసా?

“అమ్మో, నాతోని కాదే. వేలు తెగి రక్తమొస్తెనే నాకు కండ్లు తిరుగుతయి” అంది.

కోమలకు ఆ భయం లేదు. వాళ్లది గొర్ల కాపరుల ఇల్లు. తండ్రి మల్లప్పతో మంద వెంట తిరిగి, ఈనలేక గింజుకుంటున్న గొర్రె కడుపులో చెయ్యి పెట్టి, అడ్డం తిరిగిన పిల్లను సరిచేసి బయటికి లాగిన పిల్ల. పుండుకు మందు రాయడం, విరిగిన కాలుకు కర్ర కట్టడం ఆమెకు అన్నం కలుపుకున్నంత తేలిక. ఆ నౌకరీ తన కోసమే పుట్టిందని కోమల నమ్మింది. ఒక్కదానికి అంత దూరం పోవాలంటే గుబులై, నువ్వూ రావే, నువ్వూ రావే అని రూపను ఆరు నెలలు నస పెట్టి ఒప్పించింది. తన చేతులతో తనే తగిలించుకుంది ఈ తలనొప్పి.

దసరా సెలవుల తర్వాత, శైలజ మేడం దగ్గర చదివిన ప్రవళిక అని, ఆలేరు అమ్మాయి, మిలిటరీలో నర్సు, లీవులో ఉండి కాలేజీకి వచ్చింది. క్లాసులో నిలబడి ఎత్తు ఎంత ఉండాలి, పండ్లు ఎట్లుండాలి, మోకాళ్లు ఎట్లుండాలి అన్నీ చెప్పింది. కోమల మనసులో ఒక్కటే పీకుతోంది. క్లాసయ్యాక గేటు దగ్గర ఆమెను పట్టుకుంది. రూప అప్పుడు నల్లా దగ్గర సీసాలో నీళ్లు పడుతోంది.

“అక్కా, పచ్చబొట్టు ఉంటే?” అని అడిగింది కోమల.

“పచ్చబొట్లుంటే తీసుకోరు చెల్లె. కాకుంటే...” అని ప్రవళిక ఇంకేదో చెప్పబోయింది.

కోమల ఆగలేదు. తీసుకోరు అన్న మాట దగ్గరే ఆమెకు చెవులు మూసుకుపోయాయి. విసురుగా తిరిగి బస్టాండు దిక్కు నడిచింది.

కోమల కుడి భుజం మీద, బయటి వైపు, తేలు బొమ్మ ఉంది. ఆమెకు మూడేళ్లప్పుడు నాయనమ్మ భద్రమ్మ పెద్దగట్టు జాతరలో పొడిపించింది. పిల్లతో పాటు పెరిగి పెరిగి, ఇప్పుడది తేలులా కాదు, ఎండ్రికాయలా ఉంది. ఎవరన్నా నవ్వుతారని కోమల ఎండాకాలంలో కూడా నిండు చేతుల జాకెట్లే తొడుగుతుంది. ఆ రాత్రి సున్నం పెట్టి రుద్దితే తేలు పోలేదు కానీ చర్మం పొక్కులు లేచింది. తెల్లారి భద్రమ్మ అది చూసి, కొబ్బరినూనె రాస్తూ “ఏమైందే బిడ్డ?” అంది.

“ఎందుకు పొడిపించినవవ్వా? నిన్నెవలు పొడిపియ్యమన్నరు?” అని అరిచింది కోమల.

“నీ ముందటోళ్లు ఇద్దరు పోరగాండ్లు పాలు తాగే ఈడులనే పోయిరి. నువ్వన్న నిలువాలెనని, గుర్తు పెట్టి నిన్ను పెద్దగట్టు లింగమంతుల సామికి అప్పజెప్పిన. నిలిచినవు గదా!” అంది భద్రమ్మ.

బతికినందుకు అవ్వతో తగువు పెట్టుకునే మనిషి ఎక్కడుంటుంది? రూపతో మాత్రం “మా ఇంట్ల ఒప్పుకుంటలేరే, ఆడపిల్లను మిలిటరీకి పంపరంట” అని అబద్ధం చెప్పింది. రూప పాపం నమ్మి “నేనొచ్చి మల్లప్ప కాకతో మాట్లాడాల్నా?” అంది.

“నీ పని నువ్వు చూసుకోరాదే!” అని కసిరింది కోమల.

అప్పటి నుంచి కోమల చూపే మారిపోయింది. బస్సులో పక్కన కూర్చుని రూపను ఎగాదిగా చూసేది. పండ్ల మీద పసుపు గీతలు ఉన్నాయి, నల్గొండ ఫ్లోరైడు బోరునీళ్లు తాగి పెరిగినవాళ్లకు మామూలే. అవి చూసి పండ్ల దగ్గర పోతుందిలే అని సంతోషపడేది. నడుస్తుంటే మోకాళ్లు రాసుకుంటున్నాయేమోనని వెనక నడిచి చూసేది. రాసుకోవు. చక్కగా ఉంటాయి. రూప ఎత్తు పెరిగినా కోపమే, పరీక్షలో మార్కులు పెరిగినా కోపమే. ఒకసారి గొర్రె కాలుకు ముల్లు దిగితే రూప వచ్చి, కళ్లు మూసుకోకుండా, తనే పట్టకారుతో లాగింది. చీము వచ్చినా జంకలేదు. “చూసినవా, నాకు ధైర్యమొచ్చింది. అంత నీ పున్నెమే” అంది. కోమల నవ్వింది, లోపల కుతకుత ఉడికిపోతూ. పండు తనది, తినేది అది. అదే ఆమె బాధ, అంతకంటే దాచేదేమీ లేదు.

మాఘమాసంలో పెద్దగట్టు జాతర వచ్చింది. రెండేళ్లకొకసారి వచ్చే జాతర. మల్లప్ప ఇంటిల్లిపాదినీ ఆటోలో ఎక్కించాడు. కోమల రూపను కూడా పిలిచింది. రూప తల్లి ఈదమ్మ “గుడికి వద్దు, జాతర చూసి రా పో” అని పంపింది. గట్టు మీద భేరీల మోత, ఓ లింగా అని కేకలు, గంపలు నెత్తిన పెట్టుకుని తిరిగే ఆడవాళ్లు. గట్టు కింద గాజుల దుకాణాలు దాటితే చెట్టు కింద ఒక ముసలమ్మ పచ్చబొట్లు పొడుస్తోంది. ఇప్పుడు సూదుల కట్ట కాదు, చిన్న మిషను, బ్యాటరీతో తుమ్మెదలా మోగుతోంది.

ఆ మోత వినగానే కోమల మనసులో పాడు ఆలోచన మెదిలింది. అప్పటికప్పుడు పుట్టిందా అంటే కాదు, రూపను పిలిచిందే ఇందుకని తనకు తెలుసు.

“రూపా, రేపు నువ్వెక్కడుంటవో, నేనెక్కడుంటనో. నీ చేతి మీద నా పేరు పొడిపించుకోరాదే” అంది.

రూప ఆమె ముఖంలోకి చూసింది. “ఎక్కడ?” అంది.

“భుజం మీద. నా తేలున్న కాడనే.”

రూప ముసలమ్మ చేతిలోని మిషను దిక్కు చూసింది. మిషను మోత ఆగి మళ్లీ మొదలైంది. ఆ కాస్త వ్యవధిలో కోమల “వద్దే, పోదాం పద” అనొచ్చు. నాలుక మీదికి వచ్చింది కూడా. కానీ సర్వీసు రోడ్డు, కొత్త బూట్లు, ‘మిలిటరీ డాక్టరమ్మ’ అన్నీ కలిసి ఆ మాటను మింగేశాయి.

“భుజం మీదైతే నాకేం కనబడుతది?” అని రూప ముసలమ్మ ముందు కూర్చుని, ముంజేయి వెల్లకిలా పెట్టింది. “ఇగో, ఇక్కడ రాయి అవ్వా. కోమల అని.”

ఎక్కడైతేనేం, పచ్చబొట్టు పచ్చబొట్టే అనుకుంది కోమల. ముసలమ్మ అక్షరం తర్వాత అక్షరం పొడుస్తుంటే, రూప కళ్లలో నీళ్లు తిరుగుతున్నా చెయ్యి కదల్చలేదు. కోమల ఆమె రెండో చెయ్యి పట్టుకుని కూర్చుంది. లోపల ఒక మూల సంబరం, ఇంకో మూల తన మీద తనకే రోత. ఆటోలో వస్తూ కోమల వాంతి చేసుకుంటే, జాతర తిండి పడలేదేమోనంది భద్రమ్మ.

నీట్ అయింది. రూపకు మిలిటరీ వాళ్ల పరీక్షకు పిలుపొచ్చింది, తర్వాత ఇంటర్వ్యూకు. అన్నీ దాటుతోంది. దాటనీ, ఆఖరుకు ఒళ్లు చూసే డాక్టర్లు ఉంటారు కదా అని కోమల కాచుకుంది. తనకు నల్గొండలోనే మామూలు నర్సింగు సీటు వచ్చింది, అయినా చేరిన సంతోషమే లేదు. సాల్మన్ బిడ్డను మెడికల్ పరీక్షకు తీసుకుపోయిన రోజు కోమల అన్నం ముట్టలేదు. పాపం, పచ్చబొట్టు దగ్గర పోతుంది అనుకునేది. వెంటనే పోవాలి అనుకునేది. మళ్లీ లేచి దొడ్డిలో గొర్రెలకు నీళ్లు పోసి వచ్చేది.

వాళ్లు తిరిగొచ్చిన సాయంత్రం రూప మిఠాయి డబ్బా పట్టుకుని నేరుగా దొడ్డి దగ్గరికే వచ్చింది.

“తీసుకున్నరే! కలకత్తాల సీటు” అంది.

కోమల చేతిలో బకెట్టు అట్లాగే ఉండిపోయింది. “పచ్చబొట్టు?” అంది. ఆ మాట నోరు జారి వచ్చేసింది.

“చూసింది డాక్టరమ్మ. ఎవలీ కోమల అనడిగింది. మా దోస్తు, నన్ను ఇక్కడిదాక తెచ్చింది గామెనే అని చెప్పిన. నవ్వి రాసుకున్నది.” రూప డబ్బా గోడ మీద పెట్టింది. “ముంజేతి లోపలి దిక్కు, అరచేతి వెనక ఉంటే ఏమనరే. అక్కడ తప్ప ఇంకెక్కడున్నా తీసుకోరు.”

“గది నీకెట్ల తెలుసు?”

“ప్రవళికక్క చెప్పింది. ఆ రోజు గేటు కాడ నువ్వు ముఖం మాడ్చుకుని పోయినవు గదా. ఏమైందో అని నేను పోయి అడిగిన. మా దోస్తుకు భుజం మీద తేలున్నదక్కా, చిన్నప్పుడు వాళ్ల అవ్వ పొడిపించింది, ఎట్లన్న చూడరాదా అని బతిమిలాడిన. కుదరదన్నది. నీకు చెప్తే నువ్వు చిన్నబోతవని నేను ఎన్నడు ఎత్తలే. మీ ఇంట్ల ఒప్పుకుంటలేరంటే సరే అన్న.”

కోమల బకెట్టు కింద పెట్టింది. “అయితే జాతరల... నేను భుజం మీద అన్నప్పుడు...”

“అప్పటికే తెలుసు” అంది రూప.

గొర్రెలు నీళ్ల తొట్టి దగ్గర నెట్టుకుంటున్నాయి. కోమలకు ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. “మరి అక్కడనే నా చెంప ఎందుకు పగలగొట్టకపోయినవు?” అంది చివరికి.

“కొట్టాల్ననే అనిపించింది. చానా కోపమొచ్చింది. మళ్ల సూది కింద కూసున్నంతసేపు ఆలోచన చేసిన. నా భుజం మీద తేలుండి, నేను చెప్పిన దారిల నువ్వు పోతుంటే, నేనేం చేద్దునో అని. ఇంతకన్న మంచిగ ఉందునని నాకైతే నమ్మకం లేదు.”

“పొడిపించుకోకుంటనన్న లేసి రావద్దా?”

“నువ్వైతే మిలిటరీకి రాకపోతివి. నీ పేరన్న రావాలె గదనే” అని రూప డబ్బా మూత తీసి ఒక ముక్క ఆమె నోట్లో పెట్టబోయింది. కోమల నోరు తెరవలేదు. పెదాలకు అంటిన తీపిని చాలాసేపటి దాకా తుడుచుకోలేదు కూడా.

రూప బయల్దేరిన రోజు హైవే మీద బస్సు దగ్గరికి ఊరు సగం వచ్చింది. సాయిలు పాల క్యాన్లు పక్కన పెట్టి మరీ సామాను ఎక్కించాడు. ఈదమ్మ ప్రార్థన చేసి కళ్లు ఒత్తుకుంది. కోమల అందరికంటే వెనక నిలబడింది, నిండు చేతుల జాకెటులో. అసూయ పోయిందా అంటే పోలేదు. ఆ కిటికీ సీటు తనది అనిపిస్తూనే ఉంది, ఆ సామాను తనది, ఆ దూరం తనది. పైగా ఇప్పుడు రూప మనసు మీద కూడా కుళ్లు. తనకు లేని మనసు దానికెట్లా వచ్చిందని.

బస్సు కదిలింది. రూప కిటికీలోంచి చెయ్యి బయటికి పెట్టి ఊపింది. ముంజేతి లోపలి వైపు, కోమల అన్న మూడు అక్షరాలు అందరికీ కనబడేలా ఊగాయి. తన పేరు తనను వదిలి పోతుంటే కోమల రెప్ప వేయకుండా చూసింది. తర్వాత జనాన్ని తోసుకుని ముందుకు వచ్చి, జాకెటు చెయ్యి భుజం దాకా మడిచి, తేలున్న చెయ్యి ఎత్తి ఊపింది. ఊళ్లో సగంమంది ఆ తేలును చూడటం అదే మొదటిసారి.