నలభై నిమిషాలు ఆలస్యంగా చూసే లెన్స్

ఆదివారం పొద్దున ఏడింటికి భువనగిరి కోట గుట్ట కింద, మెట్ల దారికి ఎదురుగా ఉన్న చాయ్ హోటల్ దగ్గర కెమెరాలవాళ్లు చేరతారు. మామూలుగా అయిదారుగురు ఉంటారు. పెండ్లిళ్లు లేని మూఢంలో అయితే పదిమంది దాకా వస్తారు. అందరూ ఒకే గుట్టను, ఒకే చోట నిలబడి, ఎవరి లెన్స్‌తో వాళ్లు తీస్తారు. తీసినవి అక్కడికక్కడే వాట్సాప్ గ్రూపులో పెడతారు. ఇక చాయ్ చల్లారేదాకా కొట్లాటే. ఎవరిది మూలల్లో మసకబారింది, ఎవరిది ఎండకు ఎదురుపెట్టగానే వెలవెలబోయింది, ఎవరిది మోసిన బరువుకు తగ్గ పని చేయలేదు. ఇంతా చేసి గుట్ట ఎలా ఉందని అడిగినవాడు ఆ గుంపులో ఇంతవరకు లేడు.

మురళీమోహన్ వాళ్లకు పెద్ద. ఏ కొత్త లెన్స్ వచ్చినా ముందు ఆయన చేతికి రావాలి. ఫొటోను పెద్దది చేసి, ఇంకా పెద్దది చేసి, పెండ్లికూతురి కనురెప్ప వెంట్రుకలు విడివిడిగా కనిపిస్తే గానీ ఆయనకు అన్నం సహించదు. ఆ పిల్ల నవ్విందా ఏడ్చిందా అని అడిగితే మాత్రం మళ్లీ చూసి చెప్పాలి. బీరన్న ఆయనకు పూర్తిగా ఎదురు. కెమెరాతో పాటు డబ్బాలో వచ్చిన లెన్స్ తప్ప మరొకటి ముట్టడు. దాంతోనే గొర్రెల మందల్ని అందరికంటే బాగా తీస్తాడు. ఆ సంగతి మురళీమోహన్ తప్ప అందరూ ఒప్పుకుంటారు.

సుచరిత దగ్గర మూడు లెన్సులున్నాయి. రెండు అందరి దగ్గరా ఉండేవే. మూడోది పాతది, ఇనుప గుండులా బరువు, ఫోకస్ చేత్తో తిప్పుకోవాలి. నల్గొండ గడియారం దగ్గర సోమన్న తన స్టూడియో మూసేస్తున్నప్పుడు కొన్నది. తన మిర్రర్‌లెస్ కెమెరాకు పట్టడానికి మధ్యలో ఒక రింగు వేసుకుంది. అమ్మేటప్పుడు సోమన్న ఏమీ దాచలేదు.

"బిడ్డా, ఇది జర ఆలస్యంగ చూస్తది. నలభై నిమిషాలు. తర్వాత నన్ను అనకు," అని చెప్పే ఇచ్చాడు.

చెప్పినట్టే అది నలభై నిమిషాల వెనక జరిగినదాన్ని చూస్తుంది. ఎనిమిదింటికి గుట్టను తీస్తే ఏడూ ఇరవైకి ఉన్న నీడ పడుతుంది. ఎప్పుడో పోయిన బస్సు ఇంకా ఆగే ఉంటుంది. గ్రూపులో దాని మీద చర్చ జరగకపోలేదు. రంగులు వెచ్చగా వస్తున్నాయని ఒకరు మెచ్చుకున్నారు. కొమ్మల అంచున ఊదా గీత కనబడుతోందని మురళీమోహన్ పెదవి విరిచాడు. పెండ్లిళ్లలో మాత్రం దానికి మంచి గిరాకీ. జీలకర్ర బెల్లం పెట్టే వేళకు ఏ మేనత్తో అడ్డం నిలబడి ఫొటో చెడగొడితే, సుచరితకు ఫోన్ వస్తుంది. ఆమె బండి మీద వచ్చి, ఆ మేనత్త అడ్డొచ్చిన చోటికి ముందుగా నిలబడి, ఖాళీ పీటల మీద గురిపెట్టి కావలసింది తీసి ఇచ్చి పోతుంది. పెండ్లివాళ్లు అప్పటికి భోజనాల దగ్గర ఉంటారు.

సుచరిత నేతవాళ్ల బిడ్డ. తండ్రి గండయ్య, తల్లి అండాలు చౌటుప్పల్ దాటినాక లోపలికి ఉన్న ఊళ్లో ఉంటారు. ఇంట్లో ఒకటే మగ్గం. నేసేది గండయ్య, రంగు వేసేది గండయ్య. దానికి ముందు చిటికి కట్టేది అండాలు. చట్రం మీద పరిచిన దారానికి రంగు అంటకూడని చోటల్లా సైకిల్ ట్యూబు రబ్బరు ముక్కలు బిగించి కట్టడమే చిటికి. ఏ ముడి వెంట్రుకవాసి జరిగినా మగ్గం మీద బొమ్మ ముక్కు ఒకచోట, మూతి ఒకచోట అవుతుంది. అందరూ గీతల కాగితం ముందు పెట్టుకుని కడతారు. అండాలుకు కాగితం అక్కర్లేదు. ముప్పై ఏండ్లుగా బొమ్మ ఆమె తలలోనే ఉంటుంది.

ఆ ఏడు గండయ్య రాష్ట్ర స్థాయి చేనేత పురస్కారానికి దరఖాస్తు పెట్టాలనుకున్నాడు. దరఖాస్తు నింపింది సుచరితే. పనివారి పేరు అన్నచోట తండ్రి పేరు రాసింది. అక్కడ ఒక్క పేరుకే జాగా ఉంది, ఆ ఒక్కటి తండ్రిది కాక మరొకరిది కావచ్చని ఆమెకు తోచనైనా లేదు. అండాలు పక్కనే కూర్చుని రబ్బరు ముక్కలు కోస్తూ విన్నది.

దరఖాస్తుతో పాటు ఒక ఫొటో తప్పనిసరి అన్నారు. ఏ వస్త్రానికి పురస్కారం అడుగుతున్నారో దాని చిటికిని పనివారు తమ చేత్తో కడుతుండగా తీసిన ఫొటో కావాలి. బొమ్మంతా చిటికిలోనే ఉంటుంది గనుక అది లేనిదే దరఖాస్తు చెల్లదు. గడువు మంగళవారం. ఆదివారం పదకొండింటికి ఆఖరి ముడులు పడతాయి, ఆలోపే రమ్మని తండ్రి చెప్పాడు. ఆయన కాసేపు చట్రం ముందు కూర్చుంటే ఫొటో అయిపోతుంది.

అదే ఆదివారం మురళీమోహన్ కొత్త లెన్స్ తెచ్చాడు. దాన్ని పాతదాని పక్కన పెట్టి, అదే చాయ్ గ్లాసును ఇరవై తీర్ల తీసి, దేనిలో గ్లాసు వెనకాల మసక ఎక్కువ మెత్తగా ఉందో తేల్చాలన్నాడు. తేలేసరికి పదిన్నర దాటింది. సుచరిత స్కూటీ మీద ఊరు చేరేసరికి పావు తక్కువ పన్నెండు. చట్రం ఖాళీగా ఉంది. దారం రంగు గాబులో మునిగి ఉంది.

"రంగు కాగింది బిడ్డా. కాగినంక ఆగుతదా అది," అన్నాడు గండయ్య. కాగిన రంగును చల్లారనిస్తే నేతగాడికి ప్రాణం ఒప్పదు. ఫొటో సంగతి దారం మునిగాకే ఆయనకు గుర్తొచ్చింది. సుచరిత వచ్చేటప్పటికి అది మునిగి ఇరవై నిమిషాలైంది. మళ్లీ చిటికి కట్టాలంటే ఇరవై రోజులు.

అయినా ఆయనేమీ కంగారు పడలేదు. సోమన్న లెన్స్ తెచ్చావా అని అడిగి, తెచ్చానంటే లోపలికి పోయి తెల్లంగి తొడుక్కుని వచ్చాడు. ఖాళీ చట్రం ముందు పద్మాసనం వేసి, లేని దారాన్ని రెండు వేళ్లతో పట్టుకుని కూర్చున్నాడు. సుచరిత పాత లెన్స్ బిగించి కన్ను ఆనించింది.

"కనవడ్తున్ననా?"

"లేవు బాపు."

"జర ఇటు జరగాల్నా?"

"నువ్వు అప్పుడు యాడున్నవు?"

గండయ్య పట్టిన వేళ్లు దించి, గాబు కాడ ఉన్నానని చెప్పాడు.

కెమెరాలో చట్రం నిండా దారం ఉంది. దాని ముందు అండాలు ఉంది. రబ్బరు ముక్క ఒక కొసను పండ్లతో పట్టి లాగుతూ, మూడు చుట్లు చుట్టి, ముడి బిగించి, తరువాతిది అందుకుంటోంది. చూపు దారం మీద లేదు, ఎదురుగా ఉన్న వట్టి గోడ మీద ఉంది. సుచరిత ఒకటి తీసింది, రెండు తీసింది, తరువాత తీయడం మరిచిపోయి చూస్తూ ఉండిపోయింది. అండాలు ఆఖరి ముడి వేసింది. ఎవరైనా ఉన్నారా అని వాకిలి వైపు చూసుకుంది. ఎవరూ లేరు. ముడుచుకుపోయిన ఎడమ చేతి వేళ్లను కుడి చేత్తో ఒక్కొక్కటిగా పట్టి తెరిచింది. తెరుచుకున్న ఆ అరచేతిని దారం మీద ఆనించి, జ్వరం చూసినట్టు, కాసేపు అలాగే ఉంచింది. సుచరిత అది తీసింది. తరువాత గండయ్య వచ్చి దారం ఎత్తుకుపోయాడు. ఆలస్యపు లెన్స్‌లో కూడా చట్రం ఖాళీ అయింది.

సుచరితకు ఏడుపొచ్చింది. తల్లి చిటికి కట్టిన చీరల్లో ఎంతమంది పెండ్లికూతుళ్లను తీసిందో ఆమెకే తెలియదు. తల్లి కడుతుండగా మాత్రం ఇన్నేండ్లలో ఒక్కటీ తీయలేదు. ఏ లెన్స్ మెరుగని ప్రతి ఆదివారం కొట్లాడిన తన మీద తనకే రోత పుట్టింది.

అలవాటు ఊరుకోదు గనుక ఒక ఫొటో గ్రూపులో పెట్టి, సంగతి రాసి, ఏం చేయమంటారని అడిగింది. రంగులు బాగున్నాయని ముగ్గురు రాశారు. ముఖం మార్చడం అయిదు నిమిషాల పని, బాపు ఫొటో ఒకటి పంపమని మురళీమోహన్ రాశాడు. కాసేపటికి బీరన్న నుంచి ఒకటే మాట వచ్చింది.

"చేతులు ఎవరియి పెడ్తవ్ అన్నా?"

సుచరిత ఫోన్ తండ్రికి చూపించింది. రబ్బరు మసితో నల్లబడి, గోళ్లు అరిగిన ఆ చేతుల్ని గండయ్య చాలాసేపు చూశాడు. తన చేతులు మోచేతుల దాకా ఎర్రగా ఉన్నాయి. రంగు వేసేవాడి చేతులవి. అండాలు వంటింట్లోంచి వచ్చి, ఆయన భుజం మీదుగా తనూ చూసింది.

"నా పేరు రాయి," అన్నది కూతురితో.

గండయ్య తలెత్తాడు. "ఊరోళ్లు ఏమనుకుంటరే?"

"నేను కట్టిన్నని అనుకుంటరు. ఇన్నేండ్లు నేను అడగలే. అడిగేదేముందని ఊకున్న. ఇయ్యాల అడుగుతున్న."

గండయ్య లేచి గాబు దగ్గరికి పోయాడు. దారాన్ని కర్రతో ఒకసారి తిప్పాడు, తిప్పాల్సిన పని లేకపోయినా మరోసారి తిప్పాడు. వెనక్కి వచ్చి, రాసిన పేరు కొట్టేసి పైన రాస్తే నడుస్తుందా అని అడిగాడు. నడవదు, కొత్త కాగితం నింపాలని సుచరిత చెప్పింది.

"నింపు మరి," అన్నాడు.

పనివారి పేరు అన్నచోట సుచరిత అండాలు అని రాసింది. కింద సహాయకులు అన్నచోట గండయ్య అని రాసింది. ఆయన రెండోదాన్ని రెండుసార్లు చదువుకున్నాడు. అక్షరాలు సరిగ్గానే ఉన్నాయన్నాడు.

నెలన్నరకు ఇద్దరు అధికారులు ఇంటికొచ్చి చట్రం ముందు కూర్చుని కట్టి చూపమన్నారు. అండాలు గోడ వైపు చూస్తూ కట్టి చూపించింది. గీతల కాగితం ఏదని వాళ్లు అడిగితే, తలలో ఉందని గండయ్యే చెప్పాడు. ఉగాది దాటినాక పురస్కారం ఆమె పేరు మీద వచ్చింది.

హైదరాబాదులో ఆ సభకు ముగ్గురూ పోయారు. హాలు ద్వారం దగ్గర ఒక అమ్మాయి చేతిలో పేర్ల కాగితం పట్టుకుని నిలబడి ఉంది. అండాలు పేరు చూసి నమస్కారం పెట్టి, మెడలో బిళ్ల వేసింది. ఫొటోగ్రాఫర్ల కాగితంలో సుచరిత పేరు దొరికింది. తరువాత గండయ్య వైపు తిరిగి, మీరెవరండీ, మీ పేరు లేదే అని అడిగింది.

"ఉండదమ్మా. ఆమె కట్టింది నేస్త నేను," అన్నాడు గండయ్య.

అమ్మాయి మళ్లీ కాగితం చూసుకుంది. సొసైటీ ఆఫీసైనా, చీరల ఎగ్జిబిషనైనా, అండాలు ఇన్నేండ్లూ గండయ్య భార్యగానే లోపలికి పోయింది. ఆ రోజు రెండడుగులు లోపలికి వేసిందల్లా ఆగి, వెనక్కి వచ్చి, ఆయన మోచెయ్యి పట్టుకుంది.

"నాతోని వచ్చిండు బిడ్డా, రానియ్యి," అన్నది.